1.2 లీటర్ల చిన్న హ్యాచ్‌బ్యాక్: ఊళ్లో మైలేజీ ఎందుకు పడిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఎందుకు లాగదు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకూ పనికొస్తుంది. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) లేదు, 82 హెచ్‌పీ, అయిదు గేర్ల మాన్యువల్. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 24 కిలోమీటర్ల పైన. మీకు ట్రాఫిక్‌లో వస్తున్నది 15. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే ఎత్తులో బండి లాగడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే సీటు, స్టీరింగ్ వణుకుతున్నాయి. ఇంజిన్‌లో ఏదైనా లోపమా, టర్బో తీసుకోవాల్సిందా అన్నది మీ టెన్షన్. చివర్లో 16 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించనా అని కూడా అడిగారు.

నేను చాలాకాలం ఇంజిన్లను వాటి శక్తిని కొలిచే డైనోమీటర్ అనే యంత్రం మీద పెట్టి పరీక్షించే పనిలో ఉన్నాను. మీరు రాసిన వాటిలో ఒక్కటి కూడా చెడిపోయిన ఇంజిన్ లక్షణం కాదు. మీ కారుకు మైలేజీ ఇచ్చేదీ, ఎత్తులో దానికి ఆయాసం తెప్పించేదీ ఒకే కారణం. అది అర్థమైతే బండిని నడిపే పద్ధతే మారుతుంది.

చదునైన రోడ్డు మీద 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోవడానికి ఇలాంటి కారుకు ఎంత శక్తి కావాలో లెక్క వేద్దాం. డ్రైవరుతో కలిపి బరువు 1,050 కిలోలు అనుకోండి. గాలిని చీల్చుకుని పోవడానికి 4.4 కిలోవాట్లు, టైర్లు దొర్లడానికి 2.3 కిలోవాట్లు. రెండూ కలిపి 6.7 కిలోవాట్లు, అంటే 9 హెచ్‌పీ. మీ ఇంజిన్‌లో ఉన్నవి 82. అంటే హైవే మీద ప్రశాంతంగా పోతున్నంతసేపూ ఇంజిన్ తన సత్తాలో తొమ్మిదో వంతుతో పని కానిచ్చేస్తోంది. అదే 120కి వెళ్తే లెక్క 25 హెచ్‌పీకి చేరుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలితో పోరాడే శక్తి మూడు రెట్లు దాటిపోతుంది కాబట్టి.

ఇప్పుడు అసలు విషయం. పెట్రోలు ఇంజిన్‌కు తక్కువ పని అప్పజెప్తే అది దండిగా వృథా చేస్తుంది. గాలి, పెట్రోలు ఒక నిష్పత్తిలోనే కలవాలి, బరువు లెక్కన పెట్రోలు ఒక పాలయితే గాలి దాదాపు 14.7 పాళ్లు. తక్కువ శక్తి కావాలంటే పెట్రోలుతో పాటు గాలినీ తగ్గించాలి. అందుకే త్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు, మూసుకుంటుంది. సగం మూసిన ఆ దారిలోంచి గాలిని లోపలికి లాక్కోవడానికి పిస్టన్లు కష్టపడాలి. ఆ కష్టానికయ్యే పెట్రోలు చక్రాల దాకా రాదు. పైగా రింగులు, బేరింగుల దగ్గర రాపిడి ఇంజిన్ 9 హెచ్‌పీ ఇచ్చినా 50 ఇచ్చినా పెద్దగా తగ్గదు. మూడు లీటర్ల ఇంజిన్‌తో 9 హెచ్‌పీ తీయాలంటే త్రాటిల్ దాదాపు మూసేసి, పెద్ద పెద్ద పిస్టన్లను ఊరికే ఆడించాలి. 1.2 లీటర్ల ఇంజిన్‌లో అదే పనికి త్రాటిల్ బాగా తెరుచుకుంటుంది, వృథా తక్కువ. హైవే మీద చిన్న కారు పొదుపులో పెద్ద భాగం ఇదే. ఇంజిన్ చేయాల్సిన పనికి తగ్గట్టు సరిపెట్టి ఉంది, పై గేర్లలో నడిపేటప్పుడు కొసరు లేదు. ఆ కొసరు లేకపోవడమే ఎత్తులో మీకు తెలుస్తోంది.

ఈ వృథాను ఇంకా తగ్గించడానికి ఇంజనీర్లు చాలా చేశారు. ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి, లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోనిస్తారు. అప్పుడు త్రాటిల్‌ను అంతగా మూయాల్సిన పని ఉండదు. కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న అంకె, కూడా పెంచుకుంటూ వచ్చారు. 2011లో మాజ్డా డెమియో 1.3 లీటర్ల ఇంజిన్‌లో దాన్ని ఏకంగా 14కి తీసుకెళ్లింది. అప్పటివరకు అది మామూలు పెట్రోలు కారులో ఊహించే అంకె కాదు. ఇప్పుడు చిన్న ఇంజిన్లలో 12, 13 మామూలైపోయాయి.

సరే, హైవే లెక్క బాగానే ఉంది, మరి ఊళ్లో 15 ఎందుకు? చాలామంది ఏసీ మీదకో, పెట్రోలు నాణ్యత మీదకో నెపం నెడతారు. అసలు దొంగ బ్రేకు.

1,050 కిలోల బండిని 50 కిలోమీటర్ల వేగానికి తెచ్చారంటే దానిలో సుమారు 100 కిలోజౌళ్ల చలనశక్తి పోగుచేశారు. లీటరు పెట్రోలులో ఉండేది దాదాపు 32 మెగాజౌళ్లు. అందులో నాలుగో వంతు చక్రాలకు చేరుతుందనుకుంటే 8 మెగాజౌళ్లు. అంటే 50 నుంచి ఆగిన ప్రతిసారీ 12, 13 మిల్లీలీటర్ల పెట్రోలు బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడై గాలిలో కలిసిపోతుంది. కిలోమీటరుకు రెండుసార్లు ఆగారనుకోండి, 25 మిల్లీలీటర్లు పోయినట్టే. 45 వేగంతో కిలోమీటరు దొర్లడానికి సుమారు 30 మిల్లీలీటర్లు. ఏసీ వేసుకుని సిగ్నల్లో ముప్పావు నిమిషం నిలబడితే మరో 10. మొత్తం 65. లీటరుకు 15 కిలోమీటర్ల పైచిలుకు తేలుతుంది. మోటు లెక్కే అయినా మీరు చెప్పిన అంకె దగ్గరికే వచ్చింది చూశారా. మీ ఇంజిన్ దాని పని అది చేస్తోంది. మీ దారిలోని సిగ్నళ్లే పెట్రోలు తాగుతున్నాయి.

ఇదే లెక్క బరువు ఎందుకు అంత ముఖ్యమో కూడా చెప్తుంది. గాలి నిరోధానికి బరువుతో సంబంధం లేదు. కానీ ఆగి కదిలే ప్రతిసారీ పోయే పెట్రోలు నేరుగా బరువును బట్టే ఉంటుంది. 1,600 కిలోల ఎస్‌యూవీ అదే సిగ్నల్ దగ్గర 19, 20 మిల్లీలీటర్లు పారబోస్తుంది. ట్రాఫిక్‌లో ఎక్కువగా తిరిగేవాళ్లకు ఇంజిన్ టెక్నాలజీ కన్నా బండి బరువే పెద్ద విషయం అని నేను ఎప్పుడూ చెప్తుంటాను. బ్రోచర్లో మాత్రం అది ఎక్కడో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కంపెనీ చెప్పే అంకె అబద్ధమా అంటే కాదు, అది వేరే లోకంలో తీసిన అంకె. ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, ముందే నిర్ణయించిన వేగాల ప్రకారం నడుపుతారు. యూరప్ చాలాకాలం వాడిన పాత ఎన్ఈడీసీ పరీక్ష సుమారు 11 కిలోమీటర్లు, 20 నిమిషాలు. అందులో ఊరి భాగంలో సున్నా నుంచి 50కి చేరడానికి ఏకంగా 26 సెకన్లు ఇస్తారు. రోడ్డు మీద అలా నడిపితే వెనకవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. 2017 నుంచి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ కొంత నయం. 23 కిలోమీటర్లు, 30 నిమిషాలు, గరిష్ఠ వేగం 131. ఏసీ మాత్రం అందులోనూ ఆపే ఉంటుంది. రెండు కార్లను ఒకే పరీక్ష అంకెలతో పోల్చుకోవడానికి ఇవి పనికొస్తాయి. మీ పెట్రోలు ఖర్చు అంచనా వేయడానికి కాదు. అన్నట్టు, డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీనీ పూర్తిగా నమ్మకండి. ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో, తిరిగిన దూరంతో లెక్క వేసుకోండి. అదీ ఒక్కసారి కాకుండా వరసగా కొన్ని ట్యాంకుల సగటు చూడండి.

ఇక నడపడం. మొదట ఒక పాత అలవాటు గురించి. దిగుడులోనూ, దూరంగా ఎర్రలైటు కనబడినప్పుడూ గేరు న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగిల్చామనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ రోజుల్లో అందులో కొంత అర్థముండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్‌లో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఐడ్లింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, దరిదాపుల్లోకి వచ్చాకే మళ్లీ పెట్రోలు మొదలవుతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, ఇంజిన్ బ్రేకింగూ పోతుంది. కాబట్టి సిగ్నల్ కనబడగానే కాలు తీసేసి గేరులోనే దొర్లనివ్వండి. ఎర్రలైటు దాకా తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు వేసేవాడికీ, ముందే కాలు తీసేవాడికీ ఒకే కారులో మైలేజీ తేడా బాగా కనబడుతుంది. పైన చెప్పిన 12 మిల్లీలీటర్లలో మీరు వెనక్కి రాబట్టుకోగలిగింది ఈ ఒక్క దారిలోనే.

రెండోది చాలామందికి మింగుడుపడదు. కదిలేటప్పుడు యాక్సిలరేటర్‌ను ఈకతో తాకినట్టు తొక్కనక్కర్లేదు. ఇంజిన్ బాగా పొదుపుగా పనిచేసేది 2,000 నుంచి 3,000 ఆర్పీఎం మధ్య, మంచి లోడు ఉన్నప్పుడు. కాబట్టి మూడింట రెండు వంతుల దాకా తొక్కి, 2,500 దాటనిచ్చి, త్వరగా పై గేరుకు మారి, కావలసిన వేగం రాగానే నిలకడగా ఉంచడం మంచి పద్ధతి. మొదటి గేరులో, రెండో గేరులో చాలాసేపు పాకించడం వల్ల లాభం లేదు. నేల దాకా తొక్కడం మాత్రం వద్దు. అక్కడ కొన్ని ఇంజిన్లలో గాలిలో కలిపే పెట్రోలు వంతు పెంచేస్తారు.

ఇప్పుడు మీ ఎత్తు సమస్య. 6 శాతం వాలు అనుకుందాం, అంటే 100 మీటర్లు పోతే 6 మీటర్లు ఎక్కడం. నలుగురు, సామానుతో బండి 1,300 కిలోలు. వేగం 60. కొండ ఎక్కడానికే దాదాపు 13 కిలోవాట్లు, గాలికీ టైర్లకూ మరో 4, మొత్తం 17. మీ కారు అయిదో గేరులో 60 వేగంలో సుమారు 1,700 ఆర్పీఎం దగ్గర తిరుగుతుంది. అక్కడ పూర్తిగా తొక్కినా ఇంజిన్ ఇవ్వగలిగింది దాదాపు 17 కిలోవాట్లే. ఏసీ కంప్రెసర్ అందులోంచి ఒకటిన్నరో రెండో లాగేస్తుంది. అంటే మీరు ఎంత తొక్కినా వేగం పెరగదు సరే, మెల్లగా పడిపోతుంది. అదే మూడో గేరుకు దించితే ఆర్పీఎం 3,000 దగ్గరికి వస్తుంది, చేతిలో దాదాపు 34 కిలోవాట్లు ఉంటాయి. అవసరానికి రెట్టింపు. కారు అదే, ఎత్తు అదే, ఒక్క గేరు కర్ర కదపడంతో కథ మారిపోయింది.

టర్బో లేని చిన్న ఇంజిన్‌లో శక్తి అంతా ఆర్పీఎంలోనే ఉంటుంది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పతాక స్థాయి 4,000 పైన ఎక్కడో ఉంటుంది, 82 హెచ్‌పీ రావాలంటే 5,500 దాటాలి. ఆర్పీఎం ముల్లు 3,000 దాటితే ఇంజిన్ పాడవుతుందన్న భయం పెద్ద డీజిల్ బండ్లు నడిపినవాళ్లలో ఎక్కువగా చూస్తాను. ఇది ఆ జాతి కాదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందే మూడో గేరుకు దింపి, 4,500 దాకా లాగించి, పని కాగానే పైకి మార్చండి. పై గేరులో తక్కువ ఆర్పీఎంలో పూర్తిగా తొక్కి పట్టి ఉంచితే ఇంజిన్ కొట్టుకోవడం (నాకింగ్) మొదలవుతుంది. నాక్ సెన్సర్ అది గమనించి స్పార్క్ ఆలస్యం చేస్తుంది. శక్తీ పోతుంది, పెట్రోలూ వృథా. పొదుపు అనుకుని చేసే పని అక్కడ ఎదురు తంతుంది. ఇంకో చిన్న విషయం: చాలా కార్లలో పెడల్‌ను గట్టిగా నేలకు తొక్కితే కంప్యూటర్ కొన్ని సెకన్లు ఏసీ కంప్రెసర్‌ను విడిపించేస్తుంది. గాలి కాస్త వేడిగా వచ్చిందని కంగారు పడకండి.

ఏసీ గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి, అది గంట లెక్కన పెట్రోలు తాగుతుంది, కిలోమీటరు లెక్కన కాదు. అందుకే జామ్‌లో మైలేజీని బాగా తినేస్తుంది, హైవే మీద తేడా పెద్దగా తెలియదు. 80 దాటాక అద్దాలు దించుకుని మిగిల్చేది ఏమీ ఉండదు.

బయలుదేరిన మొదటి రెండు మూడు కిలోమీటర్లూ వేరే ఖాతా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఎగ్జాస్ట్‌లోని పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను త్వరగా వేడెక్కించడానికి కంప్యూటర్ కావాలనే ఇంజిన్‌ను వృథాగా నడుపుతుంది. రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసేవాళ్ల మైలేజీని ఎవరి మైలేజీతోనూ పోల్చకూడదు. స్టార్ట్ చేసి నిలబెట్టి వేడి చేయడం కూడా అనవసరం. అర నిమిషంలో కదిలి, కాసేపు నెమ్మదిగా నడిపితే అదే వేడెక్కుతుంది.

వణుకు సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక పేలుడు. మూడు సిలిండర్లలో 240 డిగ్రీలకొకటి. 800 ఆర్పీఎం ఐడ్లింగ్‌లో నాలుగు సిలిండర్లకు సెకనుకు 27 దెబ్బలు పడితే మూడింటికి 20 పడతాయి. ఒక్కో దెబ్బ పెద్దది, వాటి మధ్య ఎడం ఎక్కువ. ఆ తక్కువ ఫ్రీక్వెన్సీ కారు బాడీకీ, సీటుకూ, మన ఒంటికీ బాగా తెలుస్తుంది. పైగా చివర్లలోని రెండు పిస్టన్లు ఒకదానికొకటి సమానంగా కదలవు కాబట్టి ఇంజిన్ ఒక కొస పైకీ ఇంకో కొస కిందికీ ఊగాలని చూస్తుంది. కొందరు బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టి దాన్ని అణుస్తారు. కొందరు ఆ షాఫ్ట్ తిప్పడానికయ్యే రాపిడి కూడా ఎందుకని ఫ్లైవీల్‌నూ పుల్లీనీ ఒక వైపు బరువుగా చేసి, మిగిలినదాన్ని మెత్తటి ఇంజిన్ మౌంట్ల మీద వదిలేస్తారు. మీ బండి రెండో రకం లాగుంది.

మరి ఈ గొడవంతా ఎందుకు పెట్టుకున్నారంటే, 1.2 లీటర్లను నాలుగుగా పంచితే ఒక్కో సిలిండరుకు 300 సీసీ, మూడుగా పంచితే 400. సిలిండరు మరీ చిన్నదైతే లోపలి ఘనపరిమాణంతో పోలిస్తే గోడల వైశాల్యం ఎక్కువై వేడి అంతా గోడల్లోకి పోతుంది. 400, 500 సీసీల మధ్య ఉంటే బాగా కుదురుతుంది. ఒక పిస్టన్, దాని రింగులు, నాలుగు వాల్వులు తగ్గితే రాపిడీ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది, పొడవూ తగ్గుతుంది. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 లీటర్ మూడు సిలిండర్ల ఇంజిన్ బ్లాకు ఏ4 కాగితం మీద పట్టేంత ఉంటుంది. అంత చోటు మిగిలితే క్యాబిన్ పెరుగుతుంది.

కాబట్టి ఆగినప్పుడు ఒకే తీరుగా సన్నగా వణకడం ఆ ఇంజిన్ స్వభావం. వణుకు లయ తప్పుతున్నా, ఈమధ్యే పెరిగినా, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్నా అది వేరే సంగతి. ముందు స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్, తర్వాత ఇంజిన్ మౌంట్ల రబ్బరు చూడమనండి. మూడింట్లో ఒక సిలిండరు మొరాయిస్తే మూడో వంతు ఇంజిన్ పోయినట్టే, దాన్ని మీరు గుర్తుపట్టకపోవడం జరగదు.

టర్బో తీసుకోవాల్సిందా? మీరు తరచూ నిండు బండితో ఘాట్ రోడ్లు ఎక్కుతుంటే, గేర్లు మార్చడం విసుగనిపిస్తే, అవును, ఒక లీటరు టర్బో మీకు హాయిగా ఉండేది. మీ ఇంజిన్ 4,000 పైన ఇచ్చే టార్క్ కన్నా ఎక్కువ టార్క్‌ను అది 1,800 దగ్గరే ఇస్తుంది. పైన లెక్క వేసిన ఎత్తును నాలుగో గేరులోనే, ఒక్కోసారి అయిదులోనే ఎక్కేస్తుంది. కానీ మైలేజీ కోసం టర్బో అనే మాట నేను ఒప్పుకోను. తేలిగ్గా నడిపితే ఇస్తుంది. ఆ టార్క్ రుచి మరిగాక తేలిగ్గా నడిపేవాళ్లు తక్కువ.

నిర్వహణలో కూడా తేడా ఉంది. చాలా టర్బో ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతారు. వాల్వుల వెనక భాగాన్ని కడిగే పెట్రోలు ఉండదు కాబట్టి కాలక్రమంలో అక్కడ మసి పేరుకుంటుంది. తక్కువ ఆర్పీఎంలో గట్టిగా తొక్కితే స్పార్క్ రాకముందే మంట అంటుకునే ప్రమాదం వీటిలో ఎక్కువ. దాన్ని అడ్డుకోవడానికే 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణం వచ్చింది, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీలోనూ ఆ రక్షణ ఉంది. కొన్ని ఇంజిన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. తప్పు ఆయిల్ పోసినా, మార్పు ఆలస్యం చేసినా ఆ బెల్టు పొట్టు రాలి ఆయిల్ జల్లెడకు అడ్డుపడుతుంది. ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఇంజినే పోవచ్చు. మీ దాంట్లో పెట్రోలు వాల్వుల ముందే చిమ్ముతారు, టర్బో లేదు, టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్, అది 0డబ్ల్యూ-20 అయినా 0డబ్ల్యూ-16 అయినా అదే పోయించి, చెప్పిన గడువుకు మార్పించండి. "ఇంకాస్త చిక్కటిది పోస్తే ఇంజిన్‌కు మంచిది" అనే సలహా ఇచ్చే మెకానిక్ మాట వినకండి. ఆయిల్ దారులూ, పంపూ ఆ పలచదనానికి తగ్గట్టే చేసి ఉంటాయి.

పెట్రోలు కార్లలో బ్రేకుల దగ్గర పోయే శక్తిని నిజంగా వెనక్కి తెచ్చేది హైబ్రిడ్ (ఇంజిన్‌కు తోడు కరెంటు మోటారు ఉన్న కారు) ఒక్కటే. మోటారే జనరేటరుగా మారి బండిని ఆపుతుంది, ఆ కరెంటుతోనే మళ్లీ కదిలిస్తుంది. అందుకే టొయోటా యారిస్ హైబ్రిడ్ లాంటివి హైవే మీద కన్నా ట్రాఫిక్‌లోనే తమ ప్రతాపం చూపిస్తాయి. రోజంతా ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లకు తర్వాతి కారుగా ఆలోచించదగ్గది అదే, టర్బో కాదు. ఏఎంటీ ఆటోమేటిక్ గురించి ఒక్క మాట: అది మీ మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పనీ, గేరు మార్చే పనీ యంత్రమే చేస్తుంది. మైలేజీ మాన్యువల్‌తో సమానంగా ఉంటుంది, గేరు మారేటప్పుడు తల ఊగుతుంది. ఎత్తులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో నిలబెడితే క్లచ్ కాలిపోతుంది.

బండి తేలిగ్గా ఉండాలంటే ఇంజిన్ ఒక్కటే చిన్నదైతే సరిపోదు. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలను తిప్పే పద్ధతిని 1959లో బ్రిటిష్ కార్ల డిజైనరు అలెక్ ఇసిగోనిస్ మినీ అనే చిన్న కారులో అందరికీ నచ్చేలా చేసి చూపించాడు. మూడు మీటర్ల పైచిలుకు పొడవులో నలుగురు కూర్చున్నారు. కానీ ఆయన గేర్‌బాక్సును ఇంజిన్ కిందే, అదే ఆయిల్లో పెట్టాడు. 1964లో ఫియట్ ఇంజనీరు దాంతే జకోసా ఆటోబియాంకీ ప్రిములాలో గేర్‌బాక్సును ఇంజిన్ పక్కన చేర్చి, రెండు డ్రైవ్ షాఫ్టులను పొడవూ పొట్టిగా చేశాడు. మీ బానెట్ ఎత్తి చూస్తే కనిపించేది ఆ అమరికే. పేరు మాత్రం ఇసిగోనిస్‌కే ఎక్కువ వచ్చింది.

వెనక సస్పెన్షన్ కూడా ఆ పొదుపులో భాగమే. రెండు చక్రాలను కలుపుతూ మెలితిరిగే ఒక ఉక్కు దూలం, అంతే. తేలిక, చవక, డిక్కీ అడుగు చదునుగా వస్తుంది. ఒక చక్రం గుంటలో పడితే రెండోదానికీ కొంత తెలుస్తుంది. ఒక్కరే వెళ్తున్నప్పుడు వెనక భాగం ఎగిరినట్టు ఉందని మీరే ఎక్కడో రాశారు. కారణం షాక్ అబ్జార్బర్లు కాదు. ఖాళీగా 930 కిలోలున్న బండి 350 కిలోల మనుషులనూ సామానునూ మోయాలి, అంటే తన బరువులో మూడో వంతు పైన. అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. నిండు బండి నేలకు తగలకుండా ఉండాలంటే స్ప్రింగులు గట్టిగా ఉండక తప్పదు. గట్టిగా ఉంటే ఖాళీ బండి ఎగరక తప్పదు. నలుగురూ ఎక్కిన రోజు గమనించండి, అదే కారు బుద్ధిగా పోతుంది. వెనక డ్రమ్ము బ్రేకులు చూసి కూడా చిన్నచూపు అక్కర్లేదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, పనిలో మూడింట రెండు వంతుల పైగా ముందు డిస్కులే చేస్తాయి.

ఇక అల్లాయ్ వీల్స్. మీ కారు టైరు 175/65 ఆర్15. షాపువాళ్లు చెప్పిన 185/55 ఆర్16 మొత్తం ఎత్తులో దాదాపు సమానమే, 608 మిల్లీమీటర్లకు బదులు 610. కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపించదు. కానీ టైరు గోడ 114 నుంచి 102 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గుంటల్లో రిమ్ముకు దెబ్బ తగిలే అవకాశం పెరుగుతుంది, కుదుపూ పెరుగుతుంది. చక్రం, టైరు కలిపి సాధారణంగా బరువెక్కుతాయి, ఆ బరువు చక్రం మధ్యకు దూరంగా ఉండటం వల్ల తిప్పడానికి మరింత శక్తి కావాలి. వెడల్పు టైరు దొర్లడంలోనూ కొంత ఎక్కువ తింటుంది. పికప్ తక్కువని బాధపడుతున్న కారుకు ఇంకా తగ్గించే పని ఇది. మలుపుల్లో పట్టు కాస్త పెరిగే మాట నిజమే కానీ మీరు రాసిన వాడకానికి అది అవసరం లేదు. నేనైతే 15 అంగుళాలే ఉంచి, టైర్లు అరిగాక తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్న మంచి జత వేయిస్తాను. ఈలోగా డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన ఉండే స్టిక్కర్ చూడండి. నిండు బండికి వెనక టైర్లలో ఎక్కువ గాలి ఉండాలని అందులో విడిగా రాసి ఉంటుంది. బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ అంకె ప్రకారం గాలి పట్టించుకోండి.